జున్నుముక్క నుంచి చీజీ దాకా

తిట్టడం కూడా చేతగాని కాలం వచ్చిపడింది బిడ్డా. మా రోజుల్లో ఒక మనిషికి తిండి పేరు తగిలించామంటే ఆ తిండి మేమూ తిన్నదే, వాడూ తిన్నదే. ‘ముద్దపప్పు’ అంటే చాలు, వాడికి బోధపడేది. కంది మా చెలకలో పండిందే, ఉడకబెట్టింది వాళ్లమ్మే. తాలింపు లేని పప్పు ఎంత చప్పగా ఉంటుందో వాడి నాలుకకు తెలుసు గనక తన తెలివి ఎంత చప్పగా ఉందో వేరే విప్పి చెప్పాల్సిన పని ఉండేది కాదు. ‘ఉప్పూకారం తింటున్నావా లేదా’ అంటే రోషం పొడుచుకొచ్చి నాగలి పట్టేవాడు. నన్ను మా తెలుగు పంతులుగారు బెల్లం కొట్టిన రాయి అనేవారు. ఏడాది పొడుగునా అన్నారు. ఎందుకంటున్నారని నేను ఒక్కసారీ అడగలేదు, బెల్లం కొట్టిన రాయిని కదా.

ఇప్పుడు మా మనవరాలు నన్ను ‘చీజీ’ అంటుంది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. పండక్కి మా ఊరు పాలకీడు వస్తుంది, మా అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చుంటుంది, లోకంలో సగం వస్తువుల్ని చీజీ అంటుంది. సినిమా చీజీ. పాట చీజీ. పెళ్లిపత్రిక మీద అచ్చేసిన పావురాల జంట చీజీ. పక్కింటి పిల్లవాడి ఫోను రింగుటోను ‘సూపర్ చీజీ’. ఏందమ్మా దానర్థం అని అడిగితే కాసేపు గోడవైపు చూసి, ‘అంటే తాతా, కొంచెం ఓవర్, కొంచెం చీప్, కానీ క్యూట్ కూడా’ అంది. ఒక ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే చేతిలో మూడు ఇంగ్లీషు మాటలు పెట్టింది. వడ్డీ వ్యాపారం నయం.

పోనీ ఆ మాటకైనా ఒక నిలకడ ఉందా అంటే అదీ లేదు. అదే పిల్ల, అదే నోటితో, కోదాడలో పిజ్జా ముందు కూర్చుని ‘అబ్బ, ఎంత చీజీగా ఉందో తాతా’ అని కళ్లు మూసుకుంటుంది. పిజ్జా చీజీగా ఉంటే లొట్టలు, తాత చీజీగా ఉంటే నవ్వులు. మా జున్నుముక్క అట్లా మాట మార్చేది కాదు. గిన్నెలో ఉన్నా పొగడ్తే, చక్కని చంటిపిల్లను ఎత్తుకుని ‘జున్నుముక్కరా’ అన్నా పొగడ్తే. మాటంటే అట్లా ఒక గుంజకు కట్టేసి ఉండాలి.

గొడవంతా ‘ప్రేమనగర్’ దగ్గర మొదలైంది. మీకు తెలియదులే, 1971లో వచ్చిన సినిమా. కోడూరి కౌసల్యాదేవి నవల, రామానాయుడు నిర్మాత, కె.ఎస్. ప్రకాశరావు దర్శకుడు, నాగేశ్వరరావు, వాణిశ్రీ. నేను మిర్యాలగూడ వెళ్లి చూశాను. వెళ్లానంటే మీలాగా కారెక్కి కాదు. రోడ్డుదాకా నడక, అక్కడినుంచి బస్సు, ఆ బస్సులో నా ఒళ్లో ఎవరిదో కోడి. ఆట అయ్యేసరికి తిరుగుబస్సు లేదు. తువ్వాలు తలకింద పెట్టుకుని బస్టాండు గచ్చు మీద పడుకుని, తెల్లవారేదాకా నాగేశ్వరరావు బాధంతా నేనే పడ్డాను. టికెట్టు డబ్బులెక్కడివని మా నాయన అడిగినప్పుడు చెప్పిన అబద్ధం ఇప్పటికీ పైకి పొక్కలేదు, మీకూ చెప్పను.

అంత తపస్సు చేసి చూసిన సినిమాని ఈ పిల్ల ఫోనులో పెట్టుకుని, ఒకటిన్నర వేగంతో పరుగెత్తించి, పావుగంటకే ‘చీజీ’ అని తేల్చేసింది. నాగేశ్వరరావు నింపాదిగా, గుండెలోంచి తీసి ఒక్కో మాట పేరుస్తుంటే, ఆయన్ను పట్టుకుని వేలంపాట వేగంతో మాట్లాడిస్తే చీజీగా కాక ఎట్లా ఉంటుంది? నిజం ఒప్పుకోవాలంటే ఆ సినిమా చూసొచ్చాక చాలారోజులు నేను కూడా కళ్లు సగం మూసి, మెడ ఒక పక్కకు వాల్చి మాట్లాడేవాణ్ని. మా అమ్మ నాకు మెడపట్టేసిందని ఆముదం రాసింది.

రెండో దెబ్బ ఈ మధ్య మా పెళ్లిరోజున తగిలింది. వాట్సాపులో ఇంటివాళ్లందరికీ ఒక గ్రూపుంది. అందులో మా ఇంటావిణ్ని ఉద్దేశించి ‘నా కంటి వెలుగువి, నా ఇంటి దీపానివి’ అని రాసి, కింద గులాబీపూలు వరసగా నాటాను. మనవరాలు నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్న బొమ్మలు పంపి ‘తాతా, సో చీజీ’ అంది. ఆమె తమ్ముడు దానికి బొటనవేలు ఎత్తాడు. లోపలినుంచి మా ఆవిడ, ‘ఏందట పిల్లలు నవ్వుతున్నరు?’ అంది. ‘జున్ను లెక్క ఉన్నదట’ అన్నాను, వేరే ఏం చెప్పాలో తోచక. ‘జున్నా? బర్రెలను అమ్ముకున్నంక జున్నెక్కడిదయ్యా, నీకు మతి పోతున్నది’ అని చేటలో మినుములు చెరుగుకుంటూ కూర్చుంది. ఆవిడకు ఫోనుండదు. కంటి వెలుగు సంగతి ఊరందరికీ తెలుసు, ఆవిడకు తప్ప. మా రోజుల్లో అయితే ఈ రాతలు ఎక్కడివి? చిట్యాలనుంచో సూర్యాపేటనుంచో వస్తూ మల్లెపూల పొట్లం తెచ్చి, మాట్లాడకుండా గూట్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు పశువులకు నీళ్లు పెట్టడానికి పోయేవాళ్లం. అదీ మర్యాద.

నిఘంటువులు చీజు ఎదురుగా ‘జున్ను’ అని రాసి చేతులు దులుపుకున్నాయి గానీ, రెండింటికీ పాలు తప్ప వేరే చుట్టరికం లేదు. చీజు చెయ్యాలంటే మామూలు పాలను విరగ్గొట్టాలి. అందుకు పూర్వం దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడేవారు, ఇప్పుడు బదులు పదార్థాలూ వచ్చాయి. విరిగినదాన్ని వడకట్టాలి, పిండాలి, ఉప్పు పట్టించాలి. కొన్ని రకాలనైతే నెలల తరబడి మాగెయ్యాలి. జున్నుకు ఈ తతంగమేదీ అక్కర్లేదు. బర్రె ఈనాలి, అంతే. తొలిపాలల్లో దూడను రోగాలనుంచి కాసే మాంసకృత్తులు ఎంత దట్టంగా ఉంటాయంటే, సెగ తగిలితే చాలు, పాలు వాటంతటవే గడ్డకడతాయి.

మా కొట్టంలో బర్రె ఈనిందంటే వాడవాడకూ తెలిసేది. దూడ కడుపునిండా తాగాక మా అమ్మ చెంబు పట్టుకుని కూర్చునేది. ఆ ముర్రుపాలు పసుప్పచ్చగా ఉండేవి, చిక్కగా దిగేవి, ధార చప్పుడే వేరు. మొదటిరోజు పాలు ఒట్టివే పెడితే ముక్క గట్టిపడి నోట్లో మెదగదని మామూలు పాలు కలిపేది. ఎంత కలపాలో కొలత లేదు, వేలితో తాకి చూసి చెప్పేది. బెల్లం దంచి వేసి, మిరియాలు రోట్లో పచ్చాపచ్చాగా నూరి చల్లి, ఆ గిన్నెను నీళ్లు పోసిన పెద్దగిన్నెలో దించి మూత మీద రాయి పెట్టేది. కాసేపయ్యాక చీపురుపుల్ల గుచ్చి తీస్తే తడి అంటకూడదు. చల్లారాక కత్తితో కోస్తే ముక్క నిండా సన్నసన్నని బొక్కలు, ఆ బొక్కల్లో ఊరిన బెల్లపునీరు. మిరియాలు అడుగుకు దిగి ఒక నల్లగీత పడేది. పైనంతా తీపి, చివర ఆ గీత దగ్గరికి వచ్చేసరికి గొంతులో చురుక్కుమనేది. ఆ గీత ఎవరి ముక్కలో లావుగా ఉందని మేము పిల్లలం కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు? ప్యాకెట్టు కత్తిరించి పాలల్లో పొడి కలిపితే జున్నట. చైనాగ్రాసు వేసి గడ్డకట్టిస్తే జున్నట. బర్రె ప్రమేయమే లేదు. నన్నడిగితే చీజీ అనాల్సింది దాన్ని.

జున్నుపాలు అమ్మకూడదనేవారు. గిన్నెలు ఇంటింటికీ వెళ్లేవి, వచ్చేటప్పుడు ఖాళీగా రాకూడదు, చారెడు బియ్యమో బెల్లపుముక్కో వేసి పంపేవారు. ఎంత మంచి రోజులో చూడండి. అయితే పంచుకోవడమంటే ఏదో దేవతలం అనుకునేరు. గిన్నె రాని ఇంటివాళ్లు గడప ముందునుంచి మొహం తిప్పుకుని పోయేవారు. మా పెదనాయన ఇంటికీ మా ఇంటికీ మాటలు పోయింది పొలంగట్టు దగ్గరని ఊరంతా అనుకుంటుంది. గట్టు తర్వాత వచ్చింది, ముందు జున్నే.

అసలు మా జున్నుకు కాలువ తెగులు పట్టింది. కృష్ణ మా పక్కనే పారుతున్నా మా చెలకలు వానకోసం నోరు తెరుచుకుని ఉండేవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పక్క భూములకు నీళ్లిచ్చింది, మా జొన్న, సజ్జ, కంది పక్కకు తప్పుకుని వరి పరుచుకుంది. జొన్నచొప్ప పోయింది, పశువులు తిరిగే బీళ్లు పోయాయి. ట్రాక్టరొచ్చి ఎద్దుల్ని సాగనంపింది, కోతమిషనొచ్చి గడ్డిని నేలపాలు చేసింది, కొట్టాల స్థానంలో మోటారుసైకిళ్ల షెడ్లు లేచాయి. మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులే మిల్లులు. అందరూ బాగుపడ్డారు. నా చదువు కూడా ఆ వరి డబ్బుతోనే సాగింది, మాస్టరుగిరీ ఆ చదువుతోనే వచ్చింది. అయినా సరే, ఆ కాలువ రాకపోతే మా జున్ను ఇంకా చిక్కగా ఉండేదని నా వాదన. అప్పుడు దాన్ని ఏం పెట్టుకుని తినేవాళ్లమని మా ఆవిడ అడుగుతుంది. ఆడవాళ్లతో వాదించకూడదు. మా పాలకీడు పేరులో పాలున్నాయి, ఊళ్లోకి పాలు ప్యాకెట్లలో దిగుతున్నాయి. పేరులో మిగిలిన సగం సంగతి నేను ఎత్తను.

తిండితో మనిషిని పిలవడం అన్నాను కదా, ‘సన్నబియ్యం వాళ్లు’ అని ఒక మాటుండేది. అంటే కలిగినోళ్లని. మాది గటక, ఆ తర్వాత దొడ్డుబియ్యం. బాపట్లలో పుట్టిన సాంబమసూరి మా పక్క చేలల్లోకి వచ్చాక కూడా చాలా ఇళ్లలో సన్నవి అమ్మకానికి, దొడ్డువి వంటకు. మొన్న 2025 ఉగాదికి ముఖ్యమంత్రి మా పక్కనే హుజూర్‌నగర్‌కు వచ్చి రేషను దుకాణాల్లో సన్నబియ్యం ఇచ్చే పథకం మొదలుపెట్టారు. ఇప్పుడు అందరూ సన్నబియ్యం వాళ్లే. మంచిదే, కాదనను, నేనూ సంచి పట్టుకుని వరసలో నిలబడ్డాను. కానీ ఒకణ్ని చూసి కుళ్లుకోవడానికి ఉన్న ఒక్క మాటా పోయింది. ఇంత సుఖం మంచిది కాదు.

కోదాడ పిజ్జా సంగతి సగంలో వదిలేశాను. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఏసీ వేసిన గది, గోడనిండా ఇంగ్లీషు. రొట్టె మీద కూర పరిచి, దాని మీద చీజు కప్పి కాల్చారు. ఒక ముక్క కొరికి చెయ్యి కిందికి దించాను. అది తెగితే కదా. నా పళ్లకూ పళ్లేనికీ మధ్య బర్రె పలుపులాగా వేలాడింది. చుట్టూ పిల్లలు ఫోనులు తీశారు. ఆ బిల్లు డబ్బుతో మా నాయన కాలంలో పాలిచ్చే బర్రె వచ్చేది, దూడతో సహా. మనవరాలు ఫోనులో చదివి చెప్పింది, పిజ్జా మీద వేసే ఆ చీజును మొజ్జరెల్లా అంటారట, ఇటలీలో కంపానియా అనే పక్క దాన్ని బర్రెపాలతోనే చేస్తారట, పేరుమోసిన అసలు సరుకు అదేనట. విన్నారా? మేము బర్రెలను చాదస్తమని అమ్మేసుకున్నాం, వాళ్లు అదే బర్రెను పట్టుకుని ప్రపంచం చేత లొట్టలు వేయిస్తున్నారు. కోపంతో ఇంకో ముక్క తీసుకున్నాను. తిండి పారెయ్యకూడదని ఆ తర్వాతి ముక్క కూడా.

ఊరికే పడి ఉండే రకాన్ని కాదు, పంతులుద్యోగం చేసినవాణ్ని. ఇంటికొచ్చి ఈ చీజీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అని ఇద్దరు దొరలు. బర్నెల్ మద్రాసు రాజధానిలో కొలువు చేసినవాడు. మన దేశంలో ఇంగ్లీషువాళ్ల నోట నానిన మాటలన్నీ పోగేసి ‘హాబ్సన్ జాబ్సన్’ అని ఒక నిఘంటువు కూర్చారు, 1886లో అచ్చయింది. అందులో చీజుకు ఒక పద్దు ఉంది. ఇంగ్లీషు వాడుకలో ‘అసలైన సరుకు, మేలురకం’ అనే అర్థంలో చీజ్ అనేవారట. అది పాల చీజు కాదట. ఫార్సీలో, హిందుస్తానీలో వస్తువును ‘చీజ్’ అంటాం చూడండి, బహుశా అదేనని వాళ్ల తీర్పు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చీజ్ మాకు తెలియని మాటా? నిజాం పాలనలో పుట్టిపెరిగిన మా నాయన సంతలో ఎద్దు మూపురం మీద చెయ్యేసి ‘క్యా చీజ్ హై’ అన్నాడంటే బేరం అయిపోయినట్టే. మా మండలంలోనే జాన్‌పహాడ్ సైదుల దర్గా ఉంది. జనవరిలో ఉర్సుకు హిందువులూ ముసల్మానులూ బండ్లు కట్టుకుని వచ్చి కందూరు చేసేవారు. ఇప్పుడు ఆటోల్లో, కార్లలో వస్తున్నారు. మా పక్క ఏ ఊళ్లో కేకేసినా ఒక సైదులో సైదమ్మో పలకడం ఆ దర్గా చలవే. ఆ ఉర్సు బజారులో గాజులవాళ్లు, బొమ్మలవాళ్లు ‘హర్ చీజ్ చారానా’ అని గొంతు చించుకునేవారు. ఆ మాట తెల్లవాళ్ల ఓడెక్కి సీమకు పోయి, వేషం మార్చుకుని, మా మనవరాలి నోట్లోంచి నా మీదికే వచ్చిందన్నమాట. దొరలు సరిగ్గా మా జాన్‌పహాడ్ బజారులోనే విన్నారని నేననను. అనాలని మాత్రం ఉంది.

ఇంకా ఉంది. 1858 ప్రాంతంలో ఇంగ్లండులో చీజీ అంటే దర్జాగా, సొగసుగా ఉన్నదని అర్థమట. 1896 నాటికి అమెరికాలో అదే మాట నాసిరకం, చవకబారు అయి కూర్చుంది. కాలేజీ పిల్లల నోటనే అట్లా తిరగబడిందని కొందరు పండితుల అనుమానం. నాకైతే అనుమానమే లేదు. ఏ దేశంలోనైనా, ఏ శతాబ్దంలోనైనా చెడగొట్టేది కాలేజీ పిల్లలే.

ఫోటోవాడు కూడా చీజ్ అనమంటాడు, పళ్లు కనబడాలట. మా పెళ్లిఫోటో హుజూర్‌నగర్‌నుంచి వచ్చినతను తీశాడు, ‘కదలొద్దు, నవ్వొద్దు’ అన్నాడు. ఇద్దరం కోర్టులో ముద్దాయిల్లా బిగుసుకుని ఉన్నాం. ఆ ఫోటో చూసి మనవరాలు ‘ఇందులో మీరు అస్సలు చీజీగా లేరు’ అంది. అది తిట్టో పొగడ్తో ఇంకా తేలలేదు.

కాబట్టి మనవళ్లూ, మనవరాళ్లూ, పండక్కి ఊరొచ్చినప్పుడు నన్ను చీజీ అనాలని ఉంటే నిరభ్యంతరంగా అనండి. నేను 1858 నాటి అర్థమే తీసుకుంటాను. వచ్చేటప్పుడు ఏ ఊళ్లోనైనా, ఎవరింట్లోనైనా బర్రె ఈనిందని తెలిస్తే సిగ్గుపడకుండా అడిగి, ముర్రుపాలు ఒక సీసాడు పట్టుకు రండి. బెల్లం, మిరియాలు మా ఇంట్లో ఉన్నాయి.